పై పొర

విశాఖపట్నం నుంచి కంబోడియా గుళ్ళు చూడ్డానికి బయల్దేరిన ఆ జట్టువాళ్ళు హైమవతిని ఎప్పుడూ బస్సు ముందు సీట్లోనే కూర్చోబెట్టేవారు. ఆమె అడగలేదు. విమానం దిగింది మొదలు భర్త గవర్రాజు పలకరించిన ప్రతివాళ్ళకీ చెప్పుకుంటూ వచ్చాడు, ఛాయాదర్శిని కనిపెట్టింది తన భార్యేనని. పోర్టులో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. తన గురించి ఎన్నడూ గొప్ప చెప్పుకోలేదు గానీ భార్య సంగతికొచ్చేసరికి మొహమాటం ఉండేది కాదు. రెండో రోజుకల్లా బస్సులో ఆమె పేరు సైంటిస్టమ్మగారు అయిపోయింది. టూరు నడిపే పైడిరాజు పులిహోర పొట్లాలు పంచేటప్పుడు మొదటిది ఆమె చేతిలోనే పెట్టేవాడు. వెనక సీట్లోంచి కూతురు యామిని అది చూసి నవ్వుకునేది.

ఛాయాదర్శిని అప్పటికే దేశదేశాల్లో పేరుపడ్డ యంత్రం. చిన్న బీరువా అంత ఉంటుంది. పాతగుడి లోపల ఎండ తగలని గోడ ముందు దాన్ని నిలబెట్టి మీట నొక్కితే నీలికాంతి రాతి మీద మెల్లగా పాకుతుంది. ఎన్నడో ఆ గోడకి ఆనుకుని బతికిన మనుషుల నీడలు పక్కనున్న తెర మీద తేలతాయి. దారినపోయేవాళ్ళ నీడలు రావు. ఒకేచోట నెలల తరబడి కూర్చుని రాయి చెక్కినవాడు, అరుగు మీద రోజూ దండలు కట్టిన ఆడమనిషి, అలాంటివాళ్ళే రాతిలో మిగులుతారు. ముఖాలుండవు. భుజాల వాలు, తల ఒరిగిన తీరు, ఒళ్ళో బిడ్డ, అంతే. అయినా చూసినవాళ్ళకి కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి.

సియెం రీప్ ఊరికి దగ్గర్లోని పెద్ద గుడిలో ఆ యంత్రానికి అనుమతి లేదు. చుట్టుపక్కల చిన్న గుళ్ళు కొన్నిటిలో మాత్రం ఒక విదేశీ సంస్థ దాన్ని నడుపుతోంది. తొలిరోజు చూసిన గుడిలో బారెడు వరస. హైమవతి తన యంత్రాన్ని లాబొరేటరీ బయట అలా జనం మధ్య చూడ్డం అదే మొదటిసారి. వరసలో నిలబడి చుట్టూ చూస్తే వసారా పొడుగునా గోడ రాళ్ళ మీద చిన్న చిన్న ఎర్రచుక్కలు కనిపించాయి.

"అవేటమ్మా, రాళ్ళకి బొట్లెట్టేరా?" అని జట్టులో ఒకావిడ అడిగింది.

చదవడం అయిపోయిన రాళ్ళకి అది గుర్తని గైడు చెప్పింది. గైడు పేరు చంథా, ముప్ఫై దాటిన ఖ్మేర్ అమ్మాయి, ఇంగ్లీషు చక్కగా మాట్లాడుతుంది. ఒకసారి చదివిన రాయి ఖాళీ అయిపోతుందనీ, ఆ నీడ మళ్ళీ ఎవరికీ కనిపించదనీ, అందుకే టిక్కెట్టు మీద ‘దీన్ని చూసేది మీరొక్కరే’ అని బంగారు అక్షరాలతో రాసి ఉంటుందనీ వివరించింది. జట్టువాళ్ళు అబ్బురపడ్డారు. హైమవతి ఎర్రచుక్కల మీంచి చూపు తిప్పుకుంది. చదివితే తుడిచిపెట్టుకుపోతుందన్న సంగతి ఆమెకు తెలియనిది కాదు. లోకంలో రాళ్ళు కొల్లలుగా ఉన్నాయి, ఎన్ని తుడిస్తే మాత్రం ఏం తరుగుతాయని అనుకునేది. ఆ వసారాలో చుక్కలేని రాయి కోసం ఆమె కళ్ళతో వెతకవలసి వచ్చింది.

విశాఖలో వాళ్ళ లాబొరేటరీకి మొదట్లో పాత ఇటుకల వయసు కట్టడమే పని. మట్టిలోనూ రాతిలోనూ ఉన్న సన్నటి రేణువులు చీకట్లో శక్తిని దాచుకుంటాయి, వెలుతురు తగిలితే వదిలేస్తాయి. ఆ వదిలిన మెరుపును కొలిస్తే ఎంతకాలం చీకట్లో ఉన్నాయో తెలుస్తుంది. సముద్రపు ఒడ్డున ఒక బౌద్ధారామం తవ్వకాల్లో దొరికిన గోడముక్కను హైమవతి, ఆమె స్నేహితురాలు జుబేదా అలా కొలుస్తుంటే అంకెలు ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా వచ్చాయి. విసుగు పుట్టి ఆ అంకెల్ని బొమ్మగా పరిచి చూశారు. జుబేదా చాలాసేపు తెరకేసి చూసి నెమ్మదిగా అంది, "హైమా, ఇది మోకాలు."

గోడకి చేరగిలబడి మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న మనిషి. వెలుతురుకి అతను అడ్డం ఉన్నంత మేరా గోడ చీకటిని దాచుకుంది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. డైరెక్టరుగారిని పిలుచుకొచ్చి మళ్ళీ కొలిచి చూపించబోతే గోడ బోసిగా ఉంది. చూడ్డంతోనే అతను పోయాడు.

తర్వాత తెలిసింది, నీడలు పొరలు పొరలుగా ఉంటాయని. అడుగునున్న పాతవాటిని చేరాలంటే మీదున్న కొత్తవాటిని ఒలిచెయ్యాలి. యంత్రాన్ని కొన్న సంస్థకి కావలసింది రాజులనాటి నీడలే గానీ, నిన్నమొన్న ఆ గోడ పక్కన పడుకున్నవాళ్ళవి కాదు. ఒలిచేముందు పై పొరల బొమ్మనైనా తీసి దాచుదామని జుబేదా పట్టుబట్టింది. దానికి రాయికి గంట పడుతుంది, వచ్చినవాళ్ళు అంతసేపు ఆగరని సంస్థవాళ్ళన్నారు. హైమవతి వాళ్ళ పక్షమే మాట్లాడింది. "గొడ్లకాపర్లు కునుకు తీసిన నీడలు దాచి ఏం చేసుకుంటాం జుబేదా" అంది. యంత్రం కాగితాల్లో పై పొరకి వ్యర్థం అని పేరు పెట్టింది కూడా ఆమే. అది తుడిచేసే కాసేపట్లో చూసేవాళ్ళకి విసుగు రాకుండా సంస్థవాళ్ళు తెర మీద ‘రాయి మేల్కొంటోంది’ అన్న మాట, వెనకాల సన్నటి వేణునాదం పెట్టుకున్నారు.

మూడోరోజు పొద్దున్న ఆ సంస్థ మేనేజరు డేనియల్ పూలగుత్తి పట్టుకుని హోటలుకే వచ్చాడు. ప్రసాత్ త్నోత్ అని, అంటే తాటిచెట్ల గుడి అని అర్థమట, ఊళ్ళకి దూరంగా ఉన్న ఒక గుడి కొత్తగా యంత్రానికి తెరుచుకుందనీ, అక్కడ మొదటి రాయి కనిపెట్టినవారి చేతుల మీదుగానే చదవాలని తమ కోరికనీ చెప్పాడు. గవర్రాజు ఆనందానికి పట్టపగ్గాల్లేవు. జట్టు మొత్తాన్నీ తీసుకెళ్ళాలని అడిగాడు. డేనియల్ సరేనన్నాడు.

పొలాల మధ్య మట్టిరోడ్డు, గట్ల మీద తాటిచెట్లు. మన భీమిలి దారే మళ్ళీ ఎదురొచ్చినట్టుందని బస్సులో ఎవరో అన్నారు. గుడి ముందు చాపలు పరిచి ఊరివాళ్ళు కూర్చుని ఉన్నారు. ఎక్కువమంది ముసలివాళ్ళే. అందరూ తెల్లచొక్కాలు వేసుకున్నారు. ముందు ఇసుక గిన్నెలో అగరుబత్తులు వెలుగుతున్నాయి. అతిథిమర్యాద కాబోలని హైమవతి అనుకుంది. ఒకావిడ లేచి వచ్చి కొబ్బరిబొండాం అందించి, రెండు చేతులూ జోడించి, ఆ చేతుల్ని నుదుటిదాకా ఎత్తి నమస్కరించింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, బక్కపలచగా ఉంది. ఆమె పేరు ఫల్లీ అనీ, అమ్మమ్మ వయసువాళ్ళని యేయ్ అంటారు గనక అందరూ యేయ్ ఫల్లీ అంటారనీ చంథా చెప్పింది. ఆవేళ చంథా అంతకన్నా మాట్లాడలేదు.

లోపలి వసారా ఇరుకుగా, చల్లగా ఉంది. వెలుతురంతా ఒక్క గుమ్మంలోంచే వస్తోంది. గోడ మీద ఎక్కడా ఎర్రచుక్క లేదు. యంత్రాన్ని కుడివైపు గోడ ముందు అమర్చారు. కొత్త చోట మొదటి రాయి చదివేముందు అది ఆ గోడ పొడుగునా పై పొరంతా ఒకేసారి ఒలిచేస్తుంది. జట్టువాళ్ళు ఫోన్లు పైకెత్తారు, వాళ్ళ వెనకాల ఊరివాళ్ళు మునివేళ్ళ మీద నిలబడి తొంగిచూస్తున్నారు. హైమవతి మీట నొక్కింది. రాయి మేల్కొంటోంది అన్న అక్షరాలు వచ్చాయి, వేణువు మొదలైంది.

అందరూ తెర చూస్తుంటే ఆమె అలవాటు కొద్దీ యంత్రం వెనకనున్న చిన్న కొలమానం చూసింది. ఒలిచేస్తున్న పొరలో ఎంత నీడ ఉందో అది చెబుతుంది. ఎక్కడైనా ఆ ముల్లు కొద్దిగా కదిలి ఆగిపోవడమే ఆమెకు తెలుసు. ఇక్కడ చివరిదాకా పోయి కొట్టుకుంటోంది. ఆ గోడకి ఆనుకుని, ఈమధ్యనే, చాలామంది, చాలాకాలం ఉన్నారు. ఆపే మీట ఆమె చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఏమిటిది అని ఒక్క ప్రశ్న మనసులో మెదిలింది. ధాన్యం బస్తాలేమోనని తనే జవాబు చెప్పుకుంది. అంతమంది చూస్తుండగా ఆపితే యంత్రం పాడైందనుకుంటారని కూడా అనుకుంది. వేణువు ఆగిపోయింది.

తెర మీద ఒక మనిషి తేలాడు. ముందుకి వంగి ఉలి నూరుకుంటున్నాడు. అతని వెనకాల, కాస్త ఎత్తున, తలమీద మూటతో ఒక స్త్రీ. అందరూ చప్పట్లు కొట్టారు. గవర్రాజు కళ్ళు తుడుచుకుని, "చూసేరా, తొమ్మిదొందలేళ్ళు, తొమ్మిదొందలేళ్ళండీ" అని పక్కవాళ్ళకి చెబుతున్నాడు. ఒకతను వచ్చి రాయి మీద ఎర్రచుక్క అంటించాడు.

ఊరివాళ్ళు చప్పట్లు కొట్టలేదు. ఇంకా ఏదో రావాలన్నట్టు తెరకేసి చూస్తున్నారు. కాసేపటికి యేయ్ ఫల్లీ ముందుకు వచ్చి చంథాతో మెల్లగా ఏదో అడిగింది. చంథా నేలచూపులు చూస్తూ చెప్పింది.

"వాళ్ళ నాన్న ఎప్పుడు కనిపిస్తాడని అడుగుతోంది మేడమ్."

హైమవతికి అర్థం కాలేదు. చంథా చెప్పుకుంటూ పోయింది. సుమారు యాభై ఏళ్ళ కిందట, పాలించేవాళ్ళే జనాన్ని లక్షల్లో చంపిన చెడ్డరోజుల్లో ఈ గుడిని చెరసాల చేశారట. చుట్టుపక్కల ఊళ్ళ మగవాళ్ళని, కొందరు ఆడవాళ్ళని తెచ్చి ఈ వసారా గోడల పొడుగునా కూర్చోబెట్టి కట్టేశారు. నెలలపాటు ఉంచారు. తర్వాత ఎటు తీసుకెళ్ళారో ఎవరికీ తెలియదు. ఏడేళ్ళ పిల్లగా ఫల్లీ గంజి పట్టుకొచ్చి గుమ్మం దగ్గర్నుంచి నాన్నని చూసిపోయేది. వాళ్ళ ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటీ లేదు. గుడి తెరవడానికి ఊరివాళ్ళు చాలాకాలం ఒప్పుకోలేదు. గోడ దగ్గర కూర్చున్నవాళ్ళని ఈ యంత్రం చూపిస్తుందని మేనేజరు చెప్పాక ఒప్పుకున్నారు. అందుకే ఆవేళ పోయినవాళ్ళ పేర తెల్లచొక్కాలు వేసుకున్నారు.

డేనియల్ గుమ్మం బయట ఫోన్లో మాట్లాడుతున్నాడు. హైమవతికి తల కొట్టేసినట్టయింది. యేయ్ ఫల్లీ ఆమె ముఖంలోకి ఆశగా చూస్తోంది. చుట్టూ జట్టువాళ్ళు, భర్త, ఎత్తి పట్టుకున్న ఫోన్లు.

"ఈ యంత్రం అంత కొత్తవి చూపించలేదని చెప్పు" అంది హైమవతి. "నీడ రాతిలోకి దిగాలంటే కొన్ని వందల ఏళ్ళు పడుతుంది. వాళ్ళ నాన్నగారివి ఇంకా దిగి ఉండవు. మేనేజరు పొరపాటుగా చెప్పినట్టున్నారు."

చంథా అనువదించింది. ముసలావిడ వింటూ తలూపింది. వెనక్కి తిరిగి తనవాళ్ళకి చెప్పింది. వాళ్ళూ తలలూపారు. ఎవరూ ఏడవలేదు, గొడవ చెయ్యలేదు. యేయ్ ఫల్లీ హైమవతి దగ్గరకొచ్చి, తప్పు మీది కాదులే అన్నట్టు ఆమె చెయ్యి నిమిరింది. బస్సెక్కేటప్పుడు తాటాకులో చుట్టిన తాటిబెల్లం బిళ్ళలు ఇచ్చింది. దారిలో జట్టువాళ్ళు అవి పంచుకుని, అచ్చం మన బెల్లమేనని మెచ్చుకుంటూ తిన్నారు. హైమవతికి ఒక ముక్క వస్తే పిడికిట్లోనే ఉంచుకుంది. అది కరిగి అరచేతికి అంటుకుపోయింది.

మధ్యాహ్నం ఇంకో రెండు గుళ్ళు చూపించారు. రాతి ముఖాల ముందు నిలబెట్టి ఫోటోలు తీశారు. గవర్రాజు పొద్దుటి వీడియోను చుట్టాలందరికీ పంపించాడు, ఫోను మోగుతూనే ఉంది. వాళ్ళ పెద్ద వదిన మరీమరీ మెచ్చుకుంటూ మాట్లాడిందని ఆమెకి వినిపించాడు. సాయంత్రం సూర్యాస్తమయం చూడ్డానికి అందరూ ఒక చిన్న కొండెక్కారు. హైమవతి పైదాకా ఎక్కలేనని సగంలో ఒక బండమీద కూర్చుంది. యామిని కూడా ఆగిపోయి పక్కన కూర్చుంది. యామిని హైదరాబాదులో లాయరుగా పనిచేస్తోంది. తల్లితో ఆచితూచి మాట్లాడే పిల్ల.

"అమ్మా, నేను ఎనిమిదో క్లాసులో ఉన్నప్పుడు నన్ను లాబ్‌కి తీసుకెళ్ళావు, గుర్తుందా? వెనక గోడ మీద వాచ్‌మన్ తాత నీడ చూపించావు. స్టూలు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నట్టు. ఆయన రిటైరై అప్పటికి ఏడాది కూడా కాలేదు."

హైమవతి అరచేతిలో ఇంకా జిగటగా ఉన్న బెల్లాన్ని కొంగుతో తుడుచుకుంది.

"వందల ఏళ్ళు పడుతుందన్నావు ఆవిడతో."

"అంతమందిలో ఏం చెప్పనే?" అంది హైమవతి. "మీ నాన్నని ఇప్పుడే నేను తుడిచేశానమ్మా అని చెప్పనా?"

"ముల్లు కొట్టుకోవడం నేనూ చూశాను. నీ వెనకే ఉన్నాను."

యామిని లేచి పైకి వెళ్ళిపోయింది. కొండమీంచి జనం ఫోన్లు పట్టుకుని దిగిపోతున్న సూర్యుడికేసే చూస్తున్నారు. హైమవతి ఆ వెలుతురుకి వీపు తిప్పి కూర్చుంది. కూతురు తనని నిందించి ఉంటే బాగుండుననిపించింది. ముల్లు కదలడం ఇంకొకరు కూడా చూశారన్న మాట మింగుడుపడటం లేదు. ఇన్నేళ్ళుగా ఆ ముల్లు ఎక్కడెక్కడ ఎంతెంత కదిలి ఉంటుంది? ఏ దేశంలో, ఏ గోడ ముందు, ఎవరు ఎవరికోసం మునివేళ్ళమీద నిలబడ్డారో తను ఒక్కసారైనా అడగలేదు. వ్యర్థం అని పేరు పెట్టి ఊరుకుంది.

మర్నాడు పొద్దున్న ఫలహారం దగ్గర, జట్టుతో పడవషికారుకి రాననీ, ప్రసాత్ త్నోత్‌కి మళ్ళీ వెళ్ళి నిజం చెబుతాననీ అంది. గవర్రాజు చేతిలో కాఫీకప్పు కింద పెట్టాడు. కోపంగా కాదు, నచ్చజెబుతున్నట్టే మాట్లాడాడు. పోయినవి ఎలాగూ తిరిగి రావు, లేవనుకుని ఆవిడ నెమ్మదిపడింది, ఇప్పుడెళ్ళి ఉండేవి, నేనే పోగొట్టాను అంటే ఆవిడకి రెండో చావు చూపించినట్టు కాదా అన్నాడు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. రాత్రంతా హైమవతి కూడా అదే మాట పట్టుకుని నిద్రపోదామని చూసింది.

"అదీకాక నీ పేరేం కావాలి హైమా? ఇన్నేళ్ళ కష్టం" అన్నాడు చివరికి.

"ఆవిడ నా చెయ్యి నిమిరిందండీ. నా మీద జాలిపడింది" అంది హైమవతి. "అది మోసుకుని నేను ఇంటికి రాలేను."

గవర్రాజు తలొంచుకుని కప్పు చుట్టూ వేలు తిప్పుతూ కూర్చున్నాడు. వెళ్ళమనలేదు, వద్దనలేదు. ఆమె లేచి వచ్చేసింది.

చంథాను ఒప్పించడానికి చాలాసేపు పట్టింది. ఆ అమ్మాయికి నిన్ననే అనుమానం వచ్చిందట. అబద్ధమేమోనని అనిపిస్తున్నా అనువదించినందుకు రాత్రి ఇంట్లో అన్నం సయించలేదని చెప్పింది. ఇద్దరూ టుక్‌టుక్ బండిలో బయల్దేరారు. దారిలో హైమవతి జుబేదాకి ఫోన్ చేసింది. ప్రపంచంలో ఎక్కడున్న ఛాయాదర్శిని అయినా నెలకోసారి విశాఖ నుంచి సరిచేసిన అంకెలు పంపితేనే పనిచేస్తుంది. వాటికి ఇద్దరి సంతకాలూ ఉండాలి. జరిగిందంతా చెప్పి, ఈ నెల సంతకం పెట్టవద్దంది. తనూ పెట్టనంది. నేను అప్పుడే చెప్పాను కదా అని జుబేదా అంటుందని హైమవతి ఎదురుచూసింది. అంటే వినడానికి సిద్ధంగానే ఉంది.

"సరే" అంది జుబేదా. "లాబ్ మూసెయ్యాల్సి వస్తుంది, పిల్లలందరి ఉద్యోగాలూ పోతాయి. తెలుసు కదా? సంస్థవాళ్ళు కారణం అడిగితే ఏం చెప్పమంటావు?"

"పై పొరలో మనుషులున్నారని చెప్పు."

యేయ్ ఫల్లీ గుడి ముందే చాపలు దులిపి చుడుతోంది. వీళ్ళని చూసి నవ్వుతూ ఎదురొచ్చింది. ఏదైనా మరచిపోయారా అని అడిగిందట. హైమవతి చాప మీద కూర్చుని, తను చెప్పింది అబద్ధమని చెప్పింది. నీడ దిగడానికి వందల ఏళ్ళు అక్కర్లేదనీ, నిన్న ఆ గోడలో అక్కడ కట్టేసినవాళ్ళంతా ఉన్నారనీ, వాళ్ళ నాన్న కూడా వాళ్ళలో ఉండి ఉండవచ్చనీ, యంత్రం ఉలి నూరేవాణ్ణి చూపించడానికి ముందుగా వాళ్ళని తుడిచేసిందనీ, అది తను చేసిన ఏర్పాటేననీ, ముల్లు కదులుతుంటే చూసి కూడా ఆపలేదనీ చెప్పింది. చంథా ఒక్కొక్క వాక్యమే అనువదించింది. ఒక్కొక్కరుగా ఊరివాళ్ళు వచ్చి చుట్టూ నిలబడ్డారు.

ముసలావిడ అంతా విని ఒక ప్రశ్న అడిగింది.

"పాట వచ్చింది కదా, అప్పుడా?" అని చంథా ఇంగ్లీషులో చెప్పింది.

"అవును. అప్పుడే."

యేయ్ ఫల్లీ పక్కవాళ్ళకేసి చూసింది. "ఆ పాట మేమందరం విన్నాం" అంది.

హైమవతి తల ఎత్తలేకపోయింది. క్షమించమని అడగబోయి మానుకుంది. అది అడగడం కూడా ఆవిడ మీద మరో బరువు పెట్టడమే అనిపించింది. తను చెయ్యగలిగింది ఒక్కటే మిగిలింది, అది చెప్పింది. గుమ్మానికి ఎడమవైపు గోడ ఇంకా చదవలేదు. యంత్రాన్ని చేత్తో నడిపి, పై పొర ఒక్కటే, నిదానంగా చదవవచ్చు. అక్కడ కూర్చున్నవాళ్ళ నీడలు కనిపిస్తాయి. మీ నాన్న ఉండవచ్చు, ఉండకపోవచ్చు. బొమ్మ దాచి ఇస్తాను.

"చూశాక వాళ్ళు రాతిలో ఉంటారా?"

"ఉండరు. బొమ్మ ఉంటుంది."

అప్పుడు ఊరివాళ్ళు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. చేతికర్రతో ఉన్న ఒక పెద్దాయన గట్టిగా ఏదో అన్నాడు, గుండెమీద కొట్టుకున్నాడు. ఆయన అన్న కూడా ఇక్కడే ఉన్నాడనీ, చచ్చేలోగా ఒక్కసారి చూడాలంటున్నాడనీ చంథా చెప్పింది. ఇంకొకావిడ అడ్డం వచ్చింది. మాటలు పెరిగాయి, తగ్గాయి. యేయ్ ఫల్లీ చాలాసేపు మాట్లాడింది, కేకలు వెయ్యకుండా, గోడవైపు చెయ్యి చూపిస్తూ. ఆ మాటలు చంథా అనువదించలేదు. హైమవతి అడగలేదు. చివరికి కర్ర పెద్దాయన ముఖం తిప్పుకుని కూర్చుండిపోయాడు.

"వద్దంటున్నారు మేడమ్" అంది చంథా. "ఉన్నచోట ఉండనివ్వమంటున్నారు. యంత్రాన్ని ఇవాళే తీసుకుపొమ్మని మేనేజరుకి కబురు చేస్తారట. మీరిక వెళ్ళవచ్చు."

హైమవతి లేచి నిలబడింది. రెండు చేతులూ జోడించి, అక్కడివాళ్ళు చేసినట్టు నుదుటిదాకా ఎత్తింది. ఎవరూ తిరిగి నమస్కరించలేదు. చెయ్యరని తెలుసు. అయినా చేతులు దించడానికి ఆమెకు కొంతసేపు పట్టింది.

యేయ్ ఫల్లీ అప్పటికే చాప చంకన పెట్టుకుని లోపలికి వెళ్ళింది. ఎడమవైపు గోడ దగ్గర, ఎర్రచుక్కలేని రాళ్ళ కింద చాప పరుచుకుని, గోడకి చేరగిలబడి, మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. రేపూ వస్తుందట, ఎల్లుండీ వస్తుందట, ఓపిక ఉన్నన్నాళ్ళూ పూట పూటా వచ్చి అక్కడే కూర్చుంటుందట. అది మాత్రం చంథా తనంతట తానే చెప్పింది. ఆవిడ వెనకాలే ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వెళ్ళి పక్కన కూర్చున్నారు. చివరికి కర్ర పెద్దాయన కూడా లేచాడు.

హైమవతి గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయింది. ఎంతసేపు నిలబడ్డా ఆ రాతిలో తన నీడ మిగలదని ఆమెకు తెలుసు. పోవాలనీ తెలుసు. లోపల్నుంచి యేయ్ ఫల్లీ ఏదో అంది, కసరుకున్నట్టు కాదు, మామూలుగానే.

చంథా వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుంది. "పక్కకి జరగమంటోంది మేడమ్. వెలుతురుకి అడ్డంగా ఉన్నారు."

హైమవతి జరిగింది.